గురువు వెడలిన పిదప

"చచ్చినవాని కండ్లు చారెడు" అని మన పెద్దలొక సామెత చెప్పుదురు. బ్రతికియుండగా ఎవరును గమనింపని కండ్లు, మూతపడిన పిమ్మట అందఱికిని విశాలముగా తోచునట. ఈ సామెతలో కొంత పరిహాసమును, కొంత నిజమును కలవు. ఇంటి పెత్తనము చేసిన అత్తగారు గతించి, తాళపుచెవులు కోడలి కొంగున చేరిన నాటినుండి, పప్పులో ఉప్పు తగ్గినను, పాలు పొంగిపోయినను, "ఆమె యుండగా ఇట్లు జరిగెనా?" యను మాట వినబడును. బడిలో ఒక ఉపాధ్యాయుడు బదిలీయై మఱియొకడు వచ్చినపుడు, నిన్నటిదాక పాతవానిని చూచి వణకిన పిల్లలే ఇంటికి వచ్చి, "ఆ సారువంటి సారు లేడు" అని కంట నీరు పెట్టుకొందురు. వచ్చినవాని లోపమే పోయినవాని గొప్పకు కొలపాత్ర యగుచున్నది. ఈ కొలత న్యాయమైనదేనా? దీనివలన పోయినవానికి గాని, వచ్చినవానికి గాని, వారి చేతిలో పెరుగు పిల్లలకు గాని మేలు కలదా?

ఈ ప్రశ్న ఇంటికిని బడికిని మాత్రమే చెందినది కాదు. అరువదేండ్లకు పైబడి మన దేశమంతయు ఒక గురువు విషయమున ఇదే ప్రశ్న వేసికొనుచున్నది. ఆ కథ హైదరాబాదు నగరమున, ఒక బడిపంతులు జీవితములో మొదలైనది. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన నేర్పిన విద్య ఫుట్‌బాలు. సోదరీమణులారా, మగవారి బంతియాటతో మనకేమి పని యని పుట త్రిప్పివేయకుడు. మంచి గురువు వెడలిన పిదప మిగిలినవారి కర్తవ్యమేమి యను చింత, బిడ్డను బడికి పంపు ప్రతి తల్లికిని కలుగునదే కదా.

రహీం సాహెబు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, అచ్చటి జట్టులో ఆడి, పిమ్మట పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యయ్యెను. 1950 మొదలు నగర పోలీసు జట్టునకు శిక్షకుడుగా నుండెను. ఆ సంవత్సరము మొదలుకొని 1954 వఱకు వరుసగా అయిదు మార్లు ఆ జట్టు బొంబాయిలోని రోవర్సు కప్పును గెలిచికొనెను. కలకత్తా నగరపు పెద్ద జట్ల యెదుట హైదరాబాదు పోలీసువారు తల యెత్తి నిలుచుట ఆనాడు దేశమునకు వింతయైన విషయము.

ఆయన గొప్పతనము కప్పులలోకంటె నేర్పిన తీరులో ఎక్కువగా కనబడును. ఆ కాలమున మన ఆటగాండ్రకు బంతిని కాలికి అంటించుకొని, ఒక్కడే నలుగురిని తప్పించుకొని పోవుటయే ఘనముగా తోచెడిది. చూచువారును దానికే చప్పట్లు కొట్టెడివారు. రహీం సాహెబు దీనిని మాన్పింపదలచెను. మందలించుటవలన అలవాట్లు పోవని బడిపంతులకు తెలియును గదా. కావున ఆయన బంతిని తనయొద్ద నిలుపుకొనక వెంటనే తోడివానికి అందింపవలెనను నియమముతోనే పోటీలు పెట్టించెను. కుడికాలి వాటము గలవారు ఎడమకాలితోనే ఆడవలెనను పోటీలును జరిపించెను. నిత్యము కుడిచేత కవ్వము తిప్పు ఇల్లాలిని ఎడమచేత తిప్పుమన్నచో మొదట చల్ల చిందును. కొన్నాళ్లకు రెండు చేతులును ఒక్కటే యగును. పిల్లలు ఆటగానే తలచి ఆడిరి. వారికి తెలియకుండగనే అది విద్య యయ్యెను.

లోకమున ఎచ్చట క్రొత్త పద్ధతి పుట్టినను ఆయన దానిని తెలిసికొన యత్నించెడివాడు. ఎదుటివారి గోలు ముంగిట నిలువవలసిన నడిమి ఆటగానిని కొంత వెనుకకు నిలుపుట అట్టి పద్ధతులలో నొకటి. అతనిని వెంబడించి కాపరి ముందుకు వచ్చును. వాని వెనుక చోటు ఖాళీ యగును. ఆ సందున మఱియొకడు చొచ్చుకొనిపోవును. ఈ పన్నుగడతోనే హంగేరీవారు 1953 నవంబరులో ఇంగ్లండు జట్టును దాని సొంత మైదానమైన వెంబ్లీలో 6-3 గోలులతో ఓడించి లోకమును నివ్వెఱపఱచిరి. రహీం సాహెబు దీని మర్మము గ్రహించి మనవారికి నేర్పెను. బ్రెజిలువారు 1958 ప్రపంచ పోటీలో ప్రసిద్ధము గావించిన 4-2-4 అమరికను ఆయన అంతకుమునుపే తన జట్ల చేత ఆడించెనని ఆట చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు.

పేదపిల్లలలోని నేర్పును కనిపెట్టుటలో ఆయన కన్ను మిక్కిలి సూక్ష్మమైనది. సికిందరాబాదు చెంత అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అట్టివారిలో నొకడు. శిక్షణమునకై నగరమునకు వచ్చుటకు ఆ బాలునికి సైకిలు లేదు. అద్దె సైకిలునకు కావలసిన డబ్బు రహీం సాహెబే ఇచ్చెనని బలరాం పెద్దయైన పిమ్మట చెప్పుకొనెడివాడు. 1960లో రోము ఒలింపిక్సునందు హంగేరీ మీదను, పెరూ మీదను భారతదేశము చేసిన గోలులు ఈ బలరాం చేసినవే.

ఇక గెలుపోటముల లెక్క చూతము. గతించినవారిని తలచునపుడు గెలుపులనే యెన్ని ఓటములను దాచుట లోకము యొక్క అలవాటు. అది ప్రేమయే గాని తూనిక కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో రహీం శిక్షణమున మన జట్టు ఇరానును 1-0తో ఓడించి స్వర్ణపతకము గెలిచెను. మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్సులో అదే గురువు చేతి క్రింది జట్టు యుగోస్లావియా యెదుట 10-1తో చిత్తుగా ఓడెను. మనవారిలో పలువురు బూట్లు లేక ఆ చలిదేశమున వట్టికాళ్లతో ఆడిరి. మన దేశపు పోటీలలో ఆట డెబ్బది నిమిషములే, విదేశములలో తొంబది. చివరి యిరువది నిమిషములకు మనవారి ఊపిరి చాలకపోవుట సహజము. ఈ ఓటమియు రహీం సాహెబు పద్దులోనిదే. దానిని కొట్టివేయరాదు.

అయితే ఓటమి పిదప ఏమి జరిగెనో అదియు చూడవలెను. బూట్లు తప్పనిసరి యయ్యెను. శిక్షకుడు తన పాఠములను దిద్దుకొనెను. నాలుగేండ్లు గడచినవి. 1956 డిసెంబరు 1వ తేదీన మెల్బోర్ను ఒలింపిక్సులో, ఆస్ట్రేలియాను దాని నేలమీదనే మనవారు 4-2తో ఓడించిరి. నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసెను. ఒలింపిక్సు ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశము మనదే. అచ్చట యుగోస్లావియా చేతను, కాంస్యమునకై జరిగిన ఆటలో బల్గేరియా చేతను ఓడి నాలుగవ స్థానమున నిలిచితిమి. అదే యుగోస్లావియా చేత నాలుగేండ్ల క్రిందట పది గోలులు తినిన జట్టు ఈసారి 4-1తో ఓడెను. అంతేకాదు, మొదటి గోలు మనవారే చేసిరి. 10-1నుండి 4-1 వఱకు జరిగిన ఈ నడకలో గురువు పని ఎంత గలదో, పతకములలో అంత కనబడదు.

ఆయన చివరి విజయము 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలది. అప్పటికే ఆయన దేహమును క్యాన్సరు వ్యాధి తినివేయుచుండెను. మొదటి ఆటలోనే మన జట్టు దక్షిణ కొరియా చేత 2-0తో ఓడెను. ఇజ్రాయేలు, తైవాను దేశములను క్రీడలకు రానీయని విషయమున మన దేశపు ప్రతినిధి పలికిన మాటలవలన అచ్చటి ప్రజలు భారతీయులపై కోపించియుండిరి. రక్షణపంక్తిలోని జర్నైల్ సింగు తలకు దెబ్బ తగిలి కుట్లు పడెను. వెనుక ఆడుటకు తగని ఆ స్థితిలో అతనిని రహీం సాహెబు ముందుపంక్తికి మార్చెను. సెప్టెంబరు 4వ తేదీన జరిగిన తుదియాటలో మరల దక్షిణ కొరియాయే ఎదురయ్యెను. పి. కె. బెనర్జీ ఒక గోలును, ఆ జర్నైల్ సింగే మఱియొక గోలును చేయగా, భారతదేశము 2-1తో స్వర్ణము గెలిచెను. మైదానమంతయు మనవారిని ఎగతాళి చేయుచుండ, కట్టుకట్టిన తలతోనే జర్నైల్ బంతిని గోలులోనికి పంపెను. తొమ్మిది మాసములు తిరిగినవి. 1963 జూన్ 11వ తేదీన రహీం సాహెబు కన్నుమూసెను. ఆయన వయస్సు 53 సంవత్సరములు.

తరువాత వచ్చిన కాలము నిరాశ కలిగించినది. జట్టు ఇంగ్లండు దేశస్థుడైన హారీ రైటు చేతికి వచ్చెను. 1964లో టోక్యో ఒలింపిక్సుకు మనము అర్హత పొందలేకపోయితిమి. ఆనాటినుండి నేటివఱకు భారత పురుషుల జట్టు ఒలింపిక్సు ఫుట్‌బాలులో అడుగు పెట్టలేదు. 1966లో బ్యాంకాకు ఆసియా క్రీడలలో తొలిదశలోనే ఇంటిముఖము పట్టితిమి. 1970లో హైదరాబాదువాడైన సయ్యద్ నయీముద్దీను నాయకత్వమున కాంస్యము లభించెను. ఆ పిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మన పురుషుల జట్టునకు పతకమే లేదు. ఇట్లు ఒక్కొక్క ఓటమి జరిగినపుడెల్ల రహీం పేరు ఒక్కొక్క మెట్టు పైకెక్కెను. బ్రతికియుండగా ఆయనకు దక్కని కీర్తి పోయిన తరువాత వెదకికొనుచు వచ్చెను. గురువుల నిమిత్తము ప్రభుత్వము ద్రోణాచార్య పురస్కారమును 1985లో నెలకొల్పెను. ఆయన అంతకు 22 ఏండ్లకు ముందే గతించెను. 2024లో ఆయన కథ "మైదాన్" అను హిందీ చలనచిత్రముగా వెలువడగా, హైదరాబాదువారిలోనే పలువురు ఆ పేరును మొదటిసారి వినిరి.

కనుక వచ్చినవాడు చెడ్డవాడు, పోయినవాడు దేవుడు అని తీర్పు చెప్పి ఊరకుందమా? నెమ్మదిగా చూచిన ఈ తీర్పు నిలువదు. హారీ రైటు చేతిక్రింద 1964లో ఇజ్రాయేలులో జరిగిన ఆసియా కప్పు పోటీలో, నాలుగు జట్లలో మనము రెండవ స్థానము పొందితిమి. దక్షిణ కొరియాను, హాంకాంగును ఓడించితిమి. ఆ పోటీ చివరి దశను మరల చేరుటకు మనకు 1984 వఱకు పట్టెను. ఇది అసమర్థుని లెక్క కాదు. ఇంకొక మాట. బలరాం క్షయరోగమువలన 1963లోనే, ఇరువదియారేండ్ల ప్రాయమున, ఆట మానుకొనవలసి వచ్చెను. జకార్తాలో నాయకుడైన చూనీ గోస్వామి 1964తో అంతర్జాతీయ ఆటలను విరమించెను. వచ్చినవానికి గురువు లేని జట్టే కాదు, మేటి ఆటగాండ్రు తొలగుచున్న జట్టు దక్కెను. నిండు గాదె నప్పగించినదనుకొని వచ్చిన కోడలికి అడుగంటిన గాదె కనబడినచో, ఆమె వంటను మాత్రమే నిందించుట ధర్మమగునా?

ఇతర దేశములలోను ఇట్టిదే జరిగినది. ఇంగ్లండులోని మాంచెస్టరు యునైటెడు జట్టును అలెక్స్ ఫెర్గూసను 1986 నుండి 2013 వఱకు నడపి విరమించెను. ఆయన తరువాత వచ్చిన డేవిడ్ మోయెసును ఏడాది నిండకముందే, 2014 ఏప్రిలులో, తొలగించిరి. అదే ఫెర్గూసను తన మొదటి కప్పు గెలుచుటకు 1990 వఱకు పట్టెనను సంగతి అందఱును మఱచిరి. గొప్పవాడని నేడు మనము చెప్పుకొనువానికి ఆనాడెవరో మూడేండ్లకు పైగా ఓర్పు చూపియుండిరి. ఆ ఓర్పు వానికి దొరకకున్నచో ఆయనయు ఒక అసమర్థుని పేరుగనే మిగిలియుండును.

అట్లయిన రహీం సాహెబు గొప్ప వట్టి మాటయా? కాదు. ఆయన గొప్పను కొలుచుటకు వేఱొక కొలత కావలెను. ఆయన లేనప్పుడు ఆయన శిష్యులేమి చేయగలిగిరి? ఈ ప్రశ్నయే సరియైన కొలత. ఆయన గతించిన రెండేండ్లకు, 1965-66లో, ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచెను. జకార్తా శిష్యుడైన పి. కె. బెనర్జీ తానును పేరుమోసిన శిక్షకుడయ్యెను. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం రోము ఒలింపిక్సు జట్టులో నుండి, తరువాత అంతర్జాతీయ రిఫరీయై, 2021లో మరణించువఱకు ఆటనే నమ్ముకొనియుండెను. గురువు పోయినను విద్య కొంతకాలము నడచినది. అందువలన ఆయన గురువే.

కాని ఆ నడక ఎందుకు నిలిచిపోయినది? ఇచ్చటనే మన ములుగు సీమలోని ఒక సంగతి చెప్పవలసియున్నది. పాలంపేటలోని దేవాలయమును రేచర్ల రుద్రుడు 1213లో కట్టించెను. 2021లో అది ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. దానిని కట్టిన శిల్పి పేరిటనే దానిని రామప్ప గుడి యని పిలుతురని ప్రతీతి. ఆ గుడిచెంత కాకతీయుల కాలపు చెరువు కలదు. గుడిని చూడవచ్చు యాత్రికులు శిల్పములను చూచి ఆశ్చర్యపడుదురు. చెరువు నీటితో పండిన బియ్యమును తిను మనకు అంతకంటె గొప్ప ఆశ్చర్యము కలదు. కట్టించినవారు పోయి 800 ఏండ్లయినను చెరువు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. కట్టించినవాని గొప్పవలననే ఇది జరిగెనా? కాదు. ప్రతి తరమునందును కట్టకు మట్టి వేసినవారును, తూము కాచిన నీరటికాండ్రును ఉండిరి. వారి పేర్లు శాసనములలో లేవు. వారిలో ఒక్కొక్కడు కట్టించినవానితో సమానుడు కానక్కఱలేదు. తన పని తాను చేసిన చాలును.

రహీం సాహెబు త్రవ్విన చెరువునకు ఇట్టి నీరటికాండ్రను మనము నియమింపలేదు. ఆయన పెట్టించిన చిన్నపిల్లల పోటీలు, ఎడమకాలి పోటీలు ఏటేట జరుగునట్లు స్థిరమైన ఏర్పాటేదియు నిలువలేదు. నగర పోలీసు జట్టు ప్రాభవమును క్రమముగా తగ్గెను. జట్టు ఓడినప్పుడెల్ల క్రొత్త శిక్షకుని వెదకితిమి. కొన్నాళ్లకు వానిని పంపివేసి మఱియొకని తెచ్చితిమి. కట్టకు గండిపడినది, మనము మాత్రము నీరటిని మార్చుచు కూర్చుంటిమి. పోయినవానిని పొగడుట సులభము. ఆయన చేసిన పనిని కొనసాగించుట కష్టము. కష్టమైనదానిని తప్పించుకొనుటకే సులభమైనదానిని అంత గట్టిగా చేయుచున్నామేమో యని నా అనుమానము.

ఇది ఆటగాండ్రకే చెందిన నీతి కాదు. మన ములుగు జిల్లాలో గిరిజన గూడెములనుండి, తండాలనుండి ఆడుపిల్లలు గురుకుల పాఠశాలలకు చేరుచున్నారు. వారిలో పరుగునందును, కబడ్డీయందును, ఖో-ఖోయందును నేర్పు గలవారు తక్కువవారు కారు. నిజామాబాదు జిల్లా బాలిక గుగులోతు సౌమ్య ఫుట్‌బాలులో భారత మహిళల జట్టువఱకు ఎదిగినది. ఇట్టి పిల్లలకు ఒక మంచి వ్యాయామోపాధ్యాయురాలు దొరకుట భాగ్యము. ఆమె బదిలీయై వెడలినపుడు పిల్లల మనస్సు విఱుగుట సహజము. క్రొత్తగా వచ్చినామెను చూచి, "ఈమెకేమియు రాదు, నేనిక ఆడను" అని బిడ్డ సెలవులకు ఇంటికి వచ్చి చెప్పును. ఆ క్షణమున తల్లి పలుకు మాటకు చాల బలము కలదు.

ఆమె బిడ్డ దుఃఖమును కాదనరాదు. వెడలినామెను తక్కువచేసి మాటాడరాదు. "ఆమె నీకేమి నేర్పినది? నాకు చేసి చూపుము" అని అడుగవలెను. నేర్చినది బిడ్డ చేతను కాలను నిలిచియున్నచో, గురువు వెడలలేదనియే చెప్పవచ్చును. నిలువకున్నచో ఆ లోపము క్రొత్తవారిది కాదని బిడ్డకే తెలియును. వచ్చినామెకు ఒక యేడు గడువీయుమని చెప్పవలెను. ఒక యేడు గడచిన పిదపను ఆమె పనిలో శ్రద్ధ లేకున్నచో, నలుగురు తల్లులు కలిసి ప్రధానోపాధ్యాయురాలి యొద్దకు పోయి మర్యాదగా అడుగవలెను. ఓర్పు అనగా కండ్లు మూసికొనుట కాదు. ఇంకొకటి యడుగుట మఱవరాదు: పాతయామె మొదలిడిన సాయంకాలపు అభ్యాసము నేటికిని జరుగుచున్నదా? బంతులును, వలయును పిల్లల చేతికి అందుచున్నవా, బీరువాలో తాళము క్రింద నున్నవా? మనిషి మాఱినను ఏర్పాటు మాఱకుండ చూచుట పెద్దల పని.

రహీం సాహెబును మరల తలచుటవలన మనకు కలుగు లాభమిదియే. ఆయన తరువాతివారు ఓడిరి గనుక ఆయన గొప్పవాడు కాడు. పదిగోలులతో ఓడియు నాలుగేండ్లలో పిల్లలను లేవనెత్తెను గనుక గొప్పవాడు. వచ్చినవారు ఆయనవలె కాలేదని నిందించుటకంటె, ఆయన పోటీలు పెట్టించిన వీధులలో మరల ఒక బంతిని దొర్లించుట ఆయనకు ఎక్కువ మర్యాద. సామెతలోని చారెడు కండ్లను పొగడినది చాలును. ఆ కండ్లు దేనిని చూచెనో దానిని మనమును చూతము.